డ్రిల్లు టీచరుగారి అపార్ట్‌మెంటు జబ్బు

మా నాలుగంతస్తుల అపార్ట్‌మెంటుకు సెక్రటరీగా ఉండమంటే ప్రతివారికీ ఏదో ఒక అడ్డం వచ్చేది. ఒకరికి బీపీ, ఒకరికి ఆఫీసు, ఇంకొకరికి అత్తగారు. ఏ అడ్డమూ రానిది డ్రిల్లు టీచరుగారికి ఒక్కరికే. ఆవిడ ఆడపిల్లల బడిలో తరాల తరబడి పిల్లల చేత కాళ్ళూ చేతులూ ఆడించి రిటైరయ్యారు. రిటైరైన మర్నాటి నుంచి ఆడించడానికి మేము దొరికాం.

చెత్తబుట్ట వేళ దాటాక బయట పెడితే అది తిరిగొచ్చి మన గుమ్మంలోనే కూర్చునేది. మెట్ల మీద చెప్పులు వదిలితే జతలో ఒకటే మిగిలేది. రెండోది కావాలంటే ఆవిడ తలుపు కొట్టి, ఆవిడ చెప్పే నాలుగు మాటలూ విని, తెచ్చుకోవాలి. ఆవిడ ధర్మమా అని మాకు కుళాయిల్లో నీళ్ళొచ్చేవి, లిఫ్టు నడిచేది, మెట్లు అద్దంలా ఉండేవి. అందుకు కృతజ్ఞతగా మేమంతా ఆవిడను చాటున "సైరను" అని పిలుచుకునేవాళ్ళం.

భర్త ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేస్తాడు. మా అందరికీ ఆయన ఫ్యాన్లాయన. ఆయన కూడా భార్యను "టీచరుగారూ" అనే పిలిచేవాడు. ఏ చొక్కా వేసుకోవాలో, ఎవరితో ఎంతసేపు మాట్లాడాలో అన్నీ ఆవిడే చెప్పేవారు. ఆయన సొంతంగా ఒక నిర్ణయం తీసుకున్నాడంటే అది ఏదో ఒక ఫ్యాను లోపలి సంగతే అయ్యుండాలి. వాళ్ళకు పిల్లల్లేరు. ఆ కొరత ఆవిడకు లేకుండా మేము చూసుకున్నాం. వాళ్ళ ఎదుటి ఫ్లాటు నాది కాబట్టి మందలింపుల్లో నా వాటా మిగతావాళ్ళ కంటే కొంచెం ఎక్కువ.

మొదటి అంతస్తులో ఒక సరుకు రవాణా కంపెనీ మేనేజరు ఉండేవాడు. మాకు ఆయన పెద్ద కారాయన. ఆయన కారు కొనేటప్పుడు దాని ఎత్తు చూశాడు, రంగు చూశాడు, ఎదురింటివాళ్ళ మొహాలు చూశాడు. పెట్టుకునే చోటు మాత్రం చూడలేదు. కారు ముక్కు ఎప్పుడూ గీత దాటి దారిలోకి ఉండేది. టీచరుగారికి గీత దాటినవాళ్ళంటే ఒళ్ళు మంట. రోజూ దగ్గరుండి, కారు వెనక నిలబడి, చేతులూపి మరీ లోపలికి పెట్టించేవారు.

ఒక ఆదివారం పొద్దున ఆ కారు లోపలికి వచ్చింది. టీచరుగారు స్తంభానికి వీపు ఆనించి నిలబడి మొదలుపెట్టారు.

"రానీ... రానీ... కొంచెం ఎడమకి... రానీ... ఆపు! ఆపు!"

పెద్ద కారాయన చెవి దగ్గర ఫోనుంది. బ్రేకు మీద పడాల్సిన కాలు పక్కదాని మీద పడింది.

ఆ చప్పుడుకి నేను కిందకు పరిగెత్తాను. కారు వెనక భాగానికీ స్తంభానికీ మధ్య ఆవిడ నిటారుగా నిలబడే ఉన్నారు. కారు ముందుకు జరిపాక మెల్లగా కిందకు జారిపోయారు. మొహం తెల్లగా పాలిపోయింది. నేను వంగి ఆవిడ తల పట్టుకున్నాను. పెదవులు కదిలాయి. చెవి దగ్గరగా పెట్టి విన్నాను.

"బండి... ఇంకా గీత బయటే ఉంది."

అంతే, స్పృహ తప్పింది. పెద్ద కారాయన కారు దిగి, అప్పటికే చేరిన పదిమందికీ చేతులు చాచి చూపిస్తూ అన్న మొదటి మాట ఇది: "ఆవిడే కదండీ, రానీ రానీ అన్నారు!"

ఆవిడ "ఆపు" అని అరిచిన అరుపు నాలుగంతస్తులకూ వినిపించింది. కానీ సాయంత్రం పోలీసులు వచ్చి అడిగితే ఆ సమయానికి అందరూ బాత్‌రూముల్లో ఉన్నారని తేలింది. మా అపార్ట్‌మెంటులో అన్ని బాత్‌రూములున్నాయని నాకు అప్పుడే తెలిసింది. నేను విన్నది విన్నట్టు చెప్పాను. దాంతో ఇప్పటికీ రెండో అంతస్తువాళ్ళు లిఫ్టులో నన్ను చూసి గోడవైపు తిరుగుతారు.

ఆస్పత్రికి తీసుకెళ్ళీ తీసుకెళ్ళగానే ఆపరేషను గదిలోకి తోసేశారు. లివరు చీలింది, ప్లీహం పగిలింది, తుంటి ఎముక విరిగింది. కడుపునిండా రక్తం. సర్జను ఒకావిడ, పొట్టిగా, చకచకా నడిచే మనిషి. ప్లీహం తీసేసి, లివరు చుట్టూ గుడ్డలు కుక్కి రక్తం ఆపి, పొట్ట మూసి బయటికి వచ్చారు. "ప్రస్తుతానికి ప్రాణం నిలబెట్టాం. గుడ్డలు తియ్యడానికి మళ్ళీ లోపలికి వెళ్ళాలి. ఇప్పుడు ఒంట్లో రక్తం నిండాలి" అన్నారు. సంచుల మీద సంచులు రక్తం, సెలైను ఎక్కుతూనే ఉన్నాయి. ఫ్యాన్లాయన ఐసీయూ బయట బల్ల మీద, ఎవరో కూర్చోమని చెప్పినట్టు, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు.

సాయంత్రానికి టీచరుగారి చెల్లెలు, ఆవిడ భర్త దిగారు. ఫ్యాన్లాయనకు తోడల్లుడన్న మాట. బాత్‌రూము టైల్సు కొట్టు ఉంది ఆయనకు. ప్రపంచంలో ఆయనకు తెలియని విషయం లేదు. ఏ విషయం వచ్చినా "నాకు తెలిసినాయన ఒకడున్నాడు" అని మొదలుపెట్టేవాడు.

"అన్నయ్యా, నువ్వేం మాట్లాడకు. నేను చూసుకుంటా" అన్నాడు వస్తూనే. ఫ్యాన్లాయన అప్పటిదాకా ఏమీ మాట్లాడనే లేదు.

మర్నాడు పొద్దున్నే ఐసీయూలో కలకలం మొదలైంది. టీచరుగారి పొట్ట ఉబ్బి బిర్రబిగుసుకుంది. మూత్రం సంచీలోకి చుక్క పడడం లేదు. ఊపిరి పోసే మెషీను ఉండుండి కూత పెడుతోంది. కిడ్నీల డాక్టరు వచ్చి, కిడ్నీలు దెబ్బతిన్నాయి, డయాలసిస్ పెడదామన్నాడు. ఊపిరితిత్తుల డాక్టరు వచ్చి, లోపం ఊపిరితిత్తుల్లో ఉంది, మెషీను సెట్టింగు మారుద్దామన్నాడు. బీపీ పడిపోతోంది, ఇంకో రెండు సెలైన్లు తగిలించండని మూడో ఆయన అన్నాడు. ఎవరి సామ్రాజ్యం వాళ్ళది. పొట్ట మాత్రం ఎవరి సామ్రాజ్యంలోనూ లేదు. అందుకని ఎవరూ దాని మీద చెయ్యి వెయ్యలేదు.

సర్జనుగారు వచ్చి చెయ్యి వేశారు. వేసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. మూత్రం గొట్టంలోంచి కొంచెం నీళ్ళు పంపి, దానికి కొలిచే పరికరం తగిలించి, పొట్ట లోపల ఒత్తిడి ఎంతుందో చూశారు. చూసి నేరుగా మా దగ్గరికి వచ్చారు.

"పొట్ట లోపల ఒత్తిడి ప్రమాదకరంగా పెరిగిపోయింది. అబ్డామినల్ కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటాం. వెంటనే మళ్ళీ పొట్ట తెరవాలి. తెరిచాక మూయం. కొన్నాళ్ళు అలాగే తెరిచి ఉంచాలి."

"తెరిచి ఉంచడమేమిటండీ!" అంది చెల్లెలు, నోటి మీద చెయ్యి పెట్టుకుని.

సర్జనుగారు ఆవిడ వైపు కాదు, ఫ్యాన్లాయన వైపు తిరిగి మాట్లాడారు. "దెబ్బకి రక్తం చాలా పోయింది. మేము రక్తం, సెలైను ఎక్కించాం. ఎక్కించకపోతే నిన్ననే పోయేవారు. ఇప్పుడా నీరంతా పేగుల్లోకి దిగి అవి వాచిపోయాయి. లోపల మేం పెట్టిన గుడ్డలు కూడా ఉన్నాయి. పొట్ట గోడ సాగినంత సాగింది, ఇక సాగదు. లోపల చోటు లేదు. ఆ బిగువుకి కిడ్నీలకి రక్తం వెళ్ళట్లేదు. ఊపిరితిత్తులు విచ్చుకోవడానికి లేదు. గుండెకి తిరిగి రావాల్సిన రక్తం కూడా రావట్లేదు. ఒక్కొక్కదానికీ విడిగా మందు వేస్తే లాభం లేదు. బిగువు వదలాలి."

"మరి నిన్న మూసిందెవరు?" అన్నాడు తోడల్లుడు.

"నేనే. మూసేంత చోటుంది అనిపించింది. నిన్ననే తెరిచి ఉంచితే బాగుండేది."

తోడల్లుడి మొహం దీపం వెలిగించినట్టు వెలిగింది. డాక్టరు నోటి నుంచి ఇలాంటి మాట వినడం ఆయన జీవితంలో అదే మొదలు. "చూశావా అన్నయ్యా! తప్పు వీళ్ళదే అని వీళ్ళే చెప్తున్నారు. నాకు తెలిసినాయన ఒకడున్నాడు, పెద్ద ఆస్పత్రి. ఇప్పుడే అంబులెన్సు చెప్పి అక్కడికి..."

"కదిలిస్తే దారిలోనే పోతారు" అన్నారు సర్జనుగారు.

"అక్కని రెండోసారి కోయించకండి బావా" అని చెల్లెలు ఏడుపు అందుకుంది. "పొట్ట తెరిచి పెడితే మనిషి బతుకుతుందా? ఎక్కడైనా విన్నామా?"

"పోనీ, టీచరుగారికి మెలకువ వచ్చాక ఆవిడనే అడుగుదాం" అన్నారు మా అపార్ట్‌మెంటు తరఫున పలకరించడానికి వచ్చిన రిటైర్డు ఆఫీసరుగారు. ఆయన సర్వీసంతా ఫైళ్ళు ఇంకొకరి బల్ల మీదకు తోస్తూ గడిచింది.

ఫ్యాన్లాయన లేచి నిలబడ్డాడు. ఒక్కక్షణం ఐసీయూ తలుపు వైపు చూశాడు, ఏం చెప్పాలో అక్కడి నుంచి వినిపిస్తుందేమో అన్నట్టు. తలుపు వెనక నుంచి మెషీను కూత తప్ప ఏమీ రాలేదు.

"తప్పెవరిదో తర్వాత చూసుకుందాం" అన్నాడు. "తెరవండమ్మా."

"అన్నయ్యా, నువ్వు తొందరపడి..."

"నువ్వు నోరు ముయ్యవయ్యా" అన్నాడు ఫ్యాన్లాయన.

ఆ మాటకు తోడల్లుడి కంటే ఫ్యాన్లాయనే ఎక్కువ అదిరిపడ్డాడు. సంతకం పెట్టడానికి కలం ఎటు పట్టుకోవాలో కూడా తెలియలేదు. నేను సరిచేసి అందించాను.

పొట్ట తెరిచీ తెరవగానే మెషీను కూత ఆగిందట. బీపీ లేచిందట. వాచిన పేగుల మీద పల్చటి ప్లాస్టిక్కు పొర పరిచి, లోపల చేరే నీరు లాగడానికి పీల్చే మెషీను తగిలించి తిరిగి ఐసీయూకి తెచ్చారు. కాసేపటికి నర్సు వచ్చి మూత్రం మొదలైందని చెప్పింది. ఫ్యాన్లాయన వరండా ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచి, కనిపించిన ప్రతివారి చెయ్యీ పట్టుకుని "మా టీచరుకి ఉచ్చ వచ్చిందండీ" అని చెప్పాడు. కాలు విరిగి కూర్చున్న ఒక ముసలాయన మర్యాదగా "సంతోషం బాబూ" అన్నాడు.

నేనా వార్తను మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అక్కడే నా బుద్ధి గడ్డి తింది. సిండ్రోమ్ పేరు కూడా పూర్తిగా రాశాను. ఎవరో దాన్ని సగం చదివి "అపార్ట్‌మెంట్ సిండ్రోమ్" అని ఇంకొకరికి పంపారు. సాయంత్రానికి అది రకరకాలుగా ఎదిగింది. ఇది అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళకే వస్తుందా అని ఒకావిడ అడిగింది. పైఅంతస్తుల వాళ్ళకి ఎక్కువట అని ఇంకొకావిడ చెప్పింది. రిటైర్డు ఆఫీసరుగారు, మన భవనం పేరు ఈ విషయంలోకి లాగడం అభ్యంతరకరమని, ఫ్లాట్ల విలువ పడిపోతుందని రాశారు. మూత్రం వార్తకు మాత్రం దండాల బొమ్మలు, పువ్వుల బొమ్మలు, ఒక "కంగ్రాట్స్" వచ్చాయి.

పొట్ట తెరిచి ఉంచిన సంగతి మీద ఇంకా పెద్ద చర్చ నడిచింది. కుట్టడం రాని డాక్టరుట అన్నారు. దారం అయిపోయిందట అన్నారు. మూడో అంతస్తు ఆవిడైతే, గాలి తగిలితే త్వరగా ఆరుతుందని అలా వదిలేస్తారని పక్కింటావిడకు నచ్చజెప్పింది. పెద్ద కారాయన ఒకరోజు ఆస్పత్రికి వచ్చాడు. నోట్లో గొట్టంతో, పొట్ట తెరుచుకుని ఉన్న మనిషికి పళ్ళబుట్ట తెచ్చాడు. బుట్ట నా చేతిలో పెట్టి, గొంతు తగ్గించి, "మీరైనా చెప్పండి, రానీ రానీ అన్నారా లేదా?" అన్నాడు.

"అన్నారు. ఆపు అని కూడా అన్నారు" అన్నాను. ఆయన పార్కింగు టైము అయిపోతోందని వెళ్ళిపోయాడు.

ఆవిణ్ణి రోజు విడిచి రోజు ఆపరేషను గదికి తీసుకెళ్ళేవారు. గుడ్డలు తీశారు, లోపల కడిగారు, వాపు తగ్గినకొద్దీ పొట్ట అంచులను రెండు వైపుల నుంచీ కొంచెం కొంచెం దగ్గరికి లాగారు. పైనా కిందా కలిశాయి. నడిమి భాగం కలవలేదు. బలవంతంగా లాగితే మళ్ళీ బిగువు పెరిగి మొదటికొస్తుందన్నారు. చివరకు తొడ మీది చర్మం తీసి అక్కడ కప్పారు. లోపలి కండ గోడ సంగతి ఏడాది తర్వాత చూద్దామన్నారు.

మొదటిసారి తెలివి వచ్చినప్పుడు నోట్లో ఇంకా గొట్టం ఉంది. ఫ్యాన్లాయన మంచం పక్కన నిలబడ్డాడు. ఆవిడ చూపుడు వేలు ఎత్తి ఆయన వైపు తిప్పారు. ఆయన వంగి "నొప్పిగా ఉందా? నీళ్ళా? నర్సుని పిలవనా?" అని అడిగాడు. ఆవిడ చిరాగ్గా తల అడ్డంగా ఊపి మళ్ళీ వేలు చూపించారు. చివరకు నర్సు కనిపెట్టింది. ఆయన చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి పెట్టుకున్నాడు. అక్కడే నిలబడి, అన్నీ విప్పి, మళ్ళీ వరసగా పెట్టుకుంటూ ఆయన భోరున ఏడ్చాడు.

ఈలోగా మా అపార్ట్‌మెంటు మీటింగు జరిగింది. టీచరుగారు త్వరగా కోలుకోవాలని ఒక నిమిషం మౌనం పాటించారు. మౌనం పోయినవాళ్ళకి కదా అని ఎవరో గుర్తుచేస్తే మధ్యలో ఆపి మాట్లాడుకున్నారు. తర్వాత తాత్కాలిక సెక్రటరీగా పెద్ద కారాయనను ఎన్నుకున్నారు. "బాధ్యత పెడితే మనిషికి బరువు తెలుస్తుంది" అన్నారు రిటైర్డు ఆఫీసరుగారు. నేను చెయ్యెత్తలేదు. దాన్నెవరూ గమనించలేదు. కొత్త సెక్రటరీ చేసిన మొదటి పని, ఆ స్తంభానికి ఒక బోర్డు కొట్టించడం. "వెనక్కి వచ్చు వాహనముల వెనుక నిలబడరదు." భద్రత విషయంలో ఇంత ముందుచూపున్న సెక్రటరీ ఇంతకుముందు లేడని గ్రూపులో పొగిడారు.

టీచరుగారు ఇంటికి వచ్చిన రోజున అందరూ కిందకు దిగారు. ఆవిడ సగానికి సగమయ్యారు, పొట్ట తప్ప. నడుముకు చుట్టిన వెడల్పాటి బెల్టు కింద పొట్ట దిండు పెట్టినట్టు ముందుకు పొడుచుకొచ్చి ఉంది. చేతికర్ర ఆనించుకుని నడుస్తూ స్తంభం దగ్గర ఆగారు. బోర్డు చదివారు.

"'ర'కి దీర్ఘం లేదు" అన్నారు. "దిద్దించండి."

పెద్ద కారాయన అదే అదనుగా ముందుకొచ్చాడు. "మీరు కూడా రానీ రానీ అన్నారు కదండీ, నేను..."

"వినపడిందన్న మాట" అన్నారు టీచరుగారు. "అయితే మీ చెవులు బాగానే ఉన్నాయి. కాళ్ళు చూపించుకోండి."

తర్వాత కొన్నాళ్ళు పరామర్శల తాకిడి. అందరి కళ్ళూ బెల్టు మీదే. మూడో అంతస్తు ఆవిడ ఆగలేక, "ఒక్కసారి చూడొచ్చాండీ, పేగులు కనిపిస్తాయటగా?" అని అడిగింది. "టికెట్టు పెడతాను, అప్పుడు రండి" అన్నారు టీచరుగారు. ఆవిడ గొంతు పాతదే. కానీ బక్కెట్టు ఎత్తకూడదు, దగ్గితే రెండు చేతులతో పొట్ట పట్టుకోవాలి, మంచం దిగాలంటే పక్కకు ఒరిగి ఫ్యాన్లాయన చెయ్యి పట్టుకోవాలి. ఎదుటి ఫ్లాటు తలుపు తెరిచి ఉన్నప్పుడు ఒకసారి చూశాను. ఆవిడ అద్దం ముందు బెల్టు విప్పి నిలబడి, చాలాసేపు కదలకుండా తన పొట్ట వైపే చూస్తున్నారు. నేను చప్పుడు చెయ్యకుండా నా తలుపు మూసుకున్నాను.

కుళాయిలు ఎండి, లిఫ్టు ఆగి, మెట్ల మీద చెప్పులు కుప్పలయ్యాక మా వాళ్ళు గుంపుగా వెళ్ళి మళ్ళీ సెక్రటరీగా ఉండమని బతిమాలారు. ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేశారు. "ఎన్నుకున్నారుగా, అనుభవించండి."

కిందటి నెలలో ఆస్పత్రికి చూపించుకోవడానికి వెళ్తుంటే నేను కూడా తోడు వెళ్ళాను. ఐసీయూ వరండాలో ఒక కుటుంబం గొడవ పడుతోంది. ఎత్తు నుంచి పడ్డ పెయింటరు కుర్రవాడు లోపల ఉన్నాడు. అతనికి పొట్ట తెరిచే ఉంచాలని సర్జనుగారు చెప్తుంటే వాళ్ళ మేనమామ, కుట్టేసి ఇచ్చెయ్యండి, తీసుకుపోతాం అంటున్నాడు. తల్లి గోడకు చేరగిలబడి ఏడుస్తోంది. సర్జనుగారు మమ్మల్ని చూసి, "టీచరుగారూ, ఒక్క నిమిషం వీళ్ళతో మాట్లాడతారా?" అన్నారు. ఆ అడగడం ఎంత ప్రమాదమో సర్జనుగారికి తెలియదు పాపం.

"ముందు అందరూ దారిలోంచి జరగండి. స్ట్రెచరు వస్తే ఎక్కడ పెడతారు? గోడ పక్కకి. వరసగా" అన్నారు టీచరుగారు. గొడవ పడుతున్నవాళ్ళు గొడవ మరిచిపోయి వరస కట్టారు. మేనమామ ఎత్తు ప్రకారం చివరకు వెళ్ళాడు.

తర్వాత కుర్రవాడి తల్లి పక్కన కూర్చుని, బెల్టు కొంచెం కిందకు జరిపి, ఆ తల్లి చెయ్యి తీసుకుని తన పొట్ట మీద పెట్టారు. ఎవరికీ చూపించని చోటు అది.

"నాదీ ఇలాగే తెరిచి పెట్టారమ్మా. మూసి ఉన్నప్పుడే చచ్చిపోబోయాను."

"మావాడు బతుకుతాడామ్మా?" అందా తల్లి.

"నాకేం తెలుసు? నా పక్క మంచమతను బతకలేదు, అతనికీ తెరిచే ఉంచారు. కానీ మూసేస్తే ఏమవుతుందో డాక్టరమ్మ చెప్తోందిగా. ఆవిడ మాట విను. ఆ చివర నిలబడ్డ మీ తమ్ముడి మాట వినకు."

పొట్ట తెరిచే ఉంచడానికి తల్లి ఒప్పుకుంది. పెయింటరు వయసులో ఉన్నవాడు, తొందరగా వాపు దిగింది. వారం తిరిగేసరికి పొట్ట మొత్తం కలిపి కుట్టేశారని సర్జనుగారు ఫోను చేసి చెప్పారు. టీచరుగారు ఆ కబురు నాకు చెప్తూ సంతోషంగా కనిపించారు. అంతలోనే మొహం ముడుచుకుని, ఫ్యాన్లాయన వైపు తిరిగి అన్నారు:

"చూశారా, వాడిది మొత్తం కలిసిందిట. నాదే కలవలేదు."

"వాడికి పాతికేళ్ళు కూడా లేవు టీచరుగారూ" అన్నాడు ఫ్యాన్లాయన, ఆవిడ వీపు వెనక దిండు సర్దుతూ.

"అయితే మాత్రం" అన్నారు ఆవిడ.